అప్పు తిన్నదెవరు? వాయిదా కడుతున్నదెవరు?

యూరప్ ఖండానికి దక్షిణాన, సముద్రం ఒడ్డున పోర్చుగల్, ఇటలీ, గ్రీసు, స్పెయిన్ అని నాలుగు దేశాలున్నాయి. 2010 ప్రాంతంలో ఇవి అప్పుల్లో మునిగినప్పుడు పెద్ద బ్యాంకుల వాళ్ళు, ఇంగ్లీషు పత్రికల వాళ్ళు నాలుగింటినీ కలిపి ఒకే పేరుతో పిలిచారు. ఆ దేశాల పేర్లలోని మొదటి ఇంగ్లీషు అక్షరాలు కలిపి చదివితే ‘పిగ్స్’. అంటే పందులు. ఊరవతలి మన గూడేలను జంతువుల పేరు పెట్టి పిలిచే దేశంలో పుట్టినోళ్ళం గనక మనకీ మాట కొత్తగా ఏమీ వినపడదు. తెల్లోళ్ళలో కూడా ఊరు వేరు, వాడ వేరు అన్న సంగతి మాత్రం తెలిసింది.

పేరుతో ఆగలేదు. గ్రీకులు సోమరులు, పనిచెయ్యరు, ఉన్నదంతా తిని తాగి ఇప్పుడు మా పైసల మీద పడ్డారు అన్నారు. జర్మనీలో బాగా అమ్ముడుపోయే ‘బిల్డ్’ పత్రిక 2010లో, దివాలా తీసినోళ్ళు తమ దీవులు అమ్ముకోవచ్చు గదా అని రాసింది. యూరో దేశాల ఆర్థిక మంత్రుల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న డచ్చి మంత్రి డైసెల్‌బ్లూమ్ 2017లో, డబ్బంతా మందుకూ ఆడవాళ్ళకూ తగలేసి తర్వాత సాయం అడిగితే ఎట్లా అన్నాడు. లెక్క తీస్తే గ్రీకు పనివాడు ఏడాదికి 2,000 గంటల దాకా పనిచేస్తాడు, జర్మనీ పనివాడు 1,400 గంటల దరిదాపు. కూలి పెంచమంటే “పెంచితే ఏంజేస్తర్రా, తాగుడుకే గదా” అన్న మాట మన ఊళ్ళో ఎవరు ఎవరిని అన్నారు? బురదలో నాటు వేసిందెవరు, అరుగు మీద కూసోని సోమరోళ్ళు అన్నదెవరు? దొర మాట ఏ దేశంలోనైనా ఒక్కతీరే ఉంటది.

సరే, మరి గ్రీసు అప్పు తిన్నదెవరు? గ్రీసు యూరో డబ్బులో చేరింది 2001లో. ఆ కూటమిలో ఉండాలంటే అప్పు ఇంత మించొద్దని ఒక గీత ఉంది. ఆ ఏడే అమెరికా బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్, గ్రీసు సర్కారుతో ఒక లావాదేవీ నడిపి కొంత అప్పు పద్దుల్లో కనపడకుండా చేసి పెట్టింది. దాని లాభం అది తీసుకుంది. ఇంకోపక్క ఆయుధాలు కొన్నారు, జలాంతర్గాములు కొన్నారు. అమ్మింది ఎక్కువగా జర్మనీ, ఫ్రాన్స్, అమెరికా. ఆయుధాల కొనుగోళ్ళ లంచాల కేసులో మాజీ రక్షణ మంత్రి ట్సోహాట్జోపులోస్‌కు 2013లో 20 ఏళ్ళ జైలుశిక్ష పడింది. ఓడల యజమానులకు పన్నుల్లో మినహాయింపులు. స్విట్జర్లాండ్ బ్యాంకులో డబ్బు దాచుకున్న దాదాపు 2,000 మంది గ్రీకుల జాబితా 2010లో గ్రీసు సర్కారు చేతికి వచ్చింది, రెండేళ్ళు మూలన పడి ఉంది. 2012 అక్టోబర్‌లో వాక్సెవానిస్ అనే విలేఖరి ఆ జాబితా అచ్చు వేస్తే పోలీసులు పట్టుకున్నది ఎవరిని? డబ్బు దాచినోణ్ణి కాదు, అచ్చు వేసినోణ్ణి. కోర్టు అతన్ని వదిలిపెట్టింది, అది వేరే సంగతి.

2010 మే నెలలో గ్రీసుకు 110 బిలియన్ యూరోల ‘సాయం’ ప్రకటించారు. మన లెక్కలో 11,000 కోట్ల యూరోలు. యూరోపియన్ కమిషన్, యూరప్ సెంట్రల్ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి, ఈ ముగ్గురు అప్పులోళ్ళకు ‘త్రోయికా’ అని పేరొచ్చింది. 2012లో రెండో సాయం. ఈ డబ్బంతా గ్రీసు జనం తిన్నారని మీరనుకుంటే పొరపాటు. బెర్లిన్‌లోని ఒక మేనేజ్‌మెంట్ కాలేజీ వాళ్ళే 2016లో లెక్కగట్టి చూస్తే, మొదటి రెండు సాయాల్లో గ్రీసు సర్కారు ఖర్చులకు చేరింది నూటికి అయిదు వంతులు కూడా లేదు. మిగతాది పాత అప్పులు, వడ్డీలు కట్టడానికీ బ్యాంకులు నిలబెట్టడానికీ పోయింది. జర్మనీ, ఫ్రాన్స్ బ్యాంకుల అప్పు గ్రీసు పేరు మీద తీర్పించి, ఆ బరువు తెచ్చి గ్రీసు జనం నెత్తిన పెట్టారు. ఊళ్ళో షావుకారు పాత నోటు చించి కొత్త నోటు రాయించుకోడం మనం ఎరగమా?

ఇక షరతులు. 2012 ఫిబ్రవరిలో కనీస జీతం నెలకు 751 యూరోల నుంచి 586కు కోశారు. 25 ఏళ్ళ లోపు పిల్లలకైతే 511. పింఛన్లు కోశారు. 2013 నాటికి పనిచెయ్యగల నలుగురిలో ఒకరికి పైగా పని లేదు. పిరేయస్ ఓడరేవు చైనా కంపెనీ కోస్కో చేతికి, 14 విమానాశ్రయాలు 40 ఏళ్ళకు జర్మనీ కంపెనీ ఫ్రాపోర్ట్ చేతికి పోయినయి. దీవులు అమ్ముకోమన్న మాట ఎంత దూరం నిజమైందో చూడండి. 2012 ఏప్రిల్ 4న ఏథెన్స్‌లో పార్లమెంటు ముందరి సింటగ్మా చౌరస్తాలో 77 ఏళ్ళ రిటైర్డు మందులషాపు మనిషి తుపాకితో కాల్చుకున్నాడు. చెత్తకుండీలో తిండి వెతుక్కునే గతి రాకముందే పోతున్నానని చీటీ రాసిపెట్టాడు.

ఆర్థిక మంత్రి ఆఫీసుల్లో నేల తుడిచే 595 మంది ఆడవాళ్ళను 2013లో పని నుంచి తీసేశారు. కోట్ల యూరోల లెక్కలో వీళ్ళ జీతం ఎంత? అయినా ముందు వీళ్ళే కనపడ్డారు. వాళ్ళు ఇంట్లో కూర్చోలేదు. చేతులకు ఎర్రటి రబ్బరు తొడుగులు వేసుకుని ఆ మంత్రి ఆఫీసు ముందరే నెలల తరబడి కూర్చున్నారు, పోలీసు దెబ్బలు తిన్నారు, 2015లో సర్కారు మారినాక కొలువులు తిరిగి తెచ్చుకున్నారు. ఈ ముచ్చట మన పారిశుధ్య కార్మిక సంఘాల మీటింగుల్లో చెప్పదగ్గది.

మారిన ఆ సర్కారు సిరిజా అనే వామపక్షానిది. ప్రధాని సిప్రాస్ అప్పులోళ్ళ షరతులు ఒప్పుకోవాలా వద్దా అని జనాన్నే అడిగాడు. 2015 జూలై 5న ఓటు పెడితే నూటికి 61 మంది వద్దన్నారు. ఎనిమిది రోజులు తిరక్కుండానే, జూలై 13న, అదే ప్రధాని అంతకంటె గట్టి షరతులకు తల ఊపి వచ్చాడు. బ్యాంకులు మూతపడి ఉన్నాయి, మనిషికి రోజుకు 60 యూరోలే చేతికిస్తున్నారు, సెంట్రల్ బ్యాంకు పీక మీద కాలు పెట్టి ఉంది. ఓటు ఉంది, ఓటుకు విలువ లేదు. రాజకీయంలో సమానత్వం, బతుకులో అసమానత్వం రెండూ ఒక ఇంట్లో ఎక్కువ కాలం ఉండలేవని బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది మన దేశం గురించే. అది గ్రీసుకూ తగిలింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా పోతే అన్యాయం అవుతది. గ్రీసు జనమంతా ఒకటే ముద్ద కాదు. 2013 ఏప్రిల్‌లో మనోలాడా అనే చోట స్ట్రాబెర్రీ తోటల్లో పనిచేసే బంగ్లాదేశ్ కూలీలు ఆర్నెల్ల బకాయి కూలి అడిగితే మేస్త్రీలు తుపాకులతో కాల్చారు. ముప్పై మంది దాకా గాయపడ్డారు. 2014లో గ్రీసు కోర్టు తోట యజమానిని వదిలేసింది. చివరికి 2017లో యూరప్ మానవ హక్కుల కోర్టు గ్రీసును తప్పుపట్టింది. జర్మనీ వాడు గ్రీకును పంది అంటే, గ్రీకు తోట ఆసామి బంగ్లా కూలీని మనిషే కాదన్నాడు. మెట్టు కింద మెట్టు, దాని కింద ఇంకో మెట్టు. వర్గం అంటూ కులాన్ని దాటేసే మన ఎర్రజెండా మిత్రులు ఈ మెట్ల సంగతి ఎప్పుడు పట్టించుకుంటారో!

అప్పిచ్చినవాడే రాజ్యం ఏలడం చూడ్డానికి గ్రీసు దాకా పోనక్కర్లేదు. మన హైదరాబాదులోనే జరిగింది, రెండువందల ఏళ్ళ కింద.

బేగంబజార్ తెలియని ఊరు తెలంగాణలో ఉండదు. పెండ్లి గిన్నెల కాడి నుంచి ఎండు ద్రాక్ష, మిరియాల దాకా మన పల్లె కిరాణా కొట్టు సరుకు అక్కడి హోల్‌సేలు దుకాణాల నుంచే వస్తది. నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన జాగా గనక ఆ పేరు. అక్కడి షావుకార్లు సరుకుతో పాటు అప్పు కూడా అమ్మారు. కొన్నది నిజాం సర్కారు. వాళ్ళ పక్కనే, ఇప్పుడు మనం కోఠీ అంటున్న రెసిడెన్సీ నీడలో, 1814లో విలియం పామర్ కంపెనీ అనే కొఠారు లేచింది. ఇంగ్లీషు తండ్రికి, ముస్లిం తల్లికి పుట్టినవాడు పామర్. అందులో భాగస్తుడు రంబోల్డ్ అనే దొర, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన పిల్లను చేసుకున్నవాడు. పెద్ద వ్యవహారం నడిపే చందూలాల్ అప్పు మీద అప్పు తెచ్చాడు. వడ్డీ ఏడాదికి నూటికి 24 పైనే, అంటే నెలకు రెండు రూపాయల వడ్డీ. అప్పు తెచ్చింది ఎందుకు? చెరువు తవ్వడానికా, బడి కట్టడానికా? ఫౌజుల జీతాలకు, దర్బారు ఖర్చులకు. ఆ ఫౌజు నిజాందన్న పేరే గాని అధికారులు ఇంగ్లీషువాళ్ళు. తన మీద కాపలాకు తనే జీతం ఇచ్చుకున్నాడన్నమాట.

పామర్ లెక్కలు బయటపెట్టిందీ ఒక ఇంగ్లీషు రెసిడెంటే, మెట్కాఫ్. తర్వాత 1823లో ఆ బాకీ తీర్చిన విధం చూడండి. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు, ఈ సర్కారు జిల్లాలకు కుంపిణీ నిజాంకు ఏటా 7 లక్షలు కట్టాలి. ఆ 7 లక్షలు శాశ్వతంగా వదులుకో, ఒక్కసారే 1,16,66,666 రూపాయలు ఇస్తాం, దాంతో పామర్ బాకీ కట్టుకో అన్నారు. హైదరాబాదులో దర్బారు తిన్న అప్పు రాజమండ్రి, ఏలూరు జిల్లాల పేరు మీద వచ్చే డబ్బుతో తీరింది. అక్కడి ఊళ్ళలో ఎవణ్ణయినా అడిగారా?

అయినా అప్పు ఆగలేదు. చందూలాల్ కాలంలో తాలూకాలకు తాలూకాలు షావుకార్లకు, ఇజారాదార్లకు శిస్తు వసూలు కింద రాసిచ్చారు. అరబ్బు, రోహిల్లా సిపాయిలు వసూలుకు పల్లెల మీద పడ్డారు. 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆ ఫౌజు బాకీ చూపించి బేరార్, రాయచూరు దోఆబ్, ధారాశివ్ రాయించుకున్నాడు. రాయచూరు, ధారాశివ్ 1860లో తిరిగొచ్చాయి. పత్తి పండే బేరార్ మాత్రం రాలేదు. 1902లో ఏడాదికి 25 లక్షల కౌలుకు శాశ్వతంగా పోయింది. గ్రీసు ఓడరేవుకూ బేరారుకూ తేడా ఎంత? ఇక వెట్టి చేసిన మాలమాదిగల పేర్లు ఆ కుంపిణీ కాగితాల్లో ఎక్కడా కనపడవు. రైతు మీద పడ్డ శిస్తు రైతు దగ్గర ఆగదు గదా, పాలేరు గింజల దాకా దిగుతది. అప్పు పత్రం మీద వేలిముద్ర వెయ్యనివాడే దాన్ని మోసినవాడు.

ఇది పాత కథ అనుకునేవాళ్ళకు మన కళ్ళ ముందరి కథ చెప్తాను. 1995లో చంద్రబాబు నాయుడు గద్దె ఎక్కాడు. 1996లో ఖజానా ఖాళీ అని శ్వేతపత్రం వేసి, రెండు రూపాయల కిలోబియ్యాన్ని మూడున్నర చేశారు. 1997లో మద్య నిషేధం ఎత్తేశారు. దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ళ పోరాటంతో వచ్చిన నిషేధం అది. 1998లో ప్రపంచ బ్యాంకు నుంచి 54 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు వచ్చింది, ‘ఆర్థిక పునర్నిర్మాణం’ అనే పేరుతో. షరతులు గ్రీసు వాళ్ళు తర్వాత పుష్కరానికి విన్నవే: సిబ్బందిని తగ్గించు, సంస్థలు అమ్ము, సబ్సిడీ కొయ్యి, కరెంటు రేటు పెంచు. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును చీల్చారు. 2000లో రేట్లు పెంచారు. ఆగస్టు 28న అసెంబ్లీకి బయలుదేరిన జనం మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిపితే ముగ్గురు చచ్చిపోయారు. 1937లో పుట్టిన బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీలో 51 శాతం 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో మూతే పడింది.

ఈ కథను రైతు వైపు నుంచి, కార్మికుని వైపు నుంచి చాలామంది రాశారు. మన వైపు నుంచి రాసింది తక్కువ. మన ఇళ్ళల్లో మొదటి డిగ్రీ వచ్చింది ఎప్పుడు? మా తరంలో. సరిగ్గా మనోడు పట్టా చేతబట్టుకుని బస్సు దిగేసరికి ఆఫీసు గేటుకు ‘నియామకాలు లేవు’ అని బోర్డు. రిజర్వేషన్ రద్దు చేస్తామని ఏ సర్కారూ ధైర్యంగా అనలేదు. అనాల్సిన పనేముంది? పోస్టే లేకపోతే అందులో మన వాటా సున్నా. సంస్థ అమ్మితే కొన్నవాడికి రోస్టర్ పాయింటు లేదు. టీచరు పోస్టు బదులు నెలకు రెండు వేలు దాటని విద్యా వాలంటీరు వచ్చాడు. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్ళకు పాత పింఛను లేదు. అప్పటికే మూడు తరాలు సర్కారీ కొలువు తిని, భూములు కొని, పిల్లల్ని అమెరికా పంపినోళ్ళే ‘సర్కారు బరువు తగ్గాలి’ అని ఉపన్యాసాలిచ్చారు. పొదుపు అన్న మాటకు కులం లేదని నమ్మించడం వాళ్ళ గొప్పతనం.

హైదరాబాదు రోడ్లు ఊడ్చే పని చూడండి. పర్మనెంటు కొలువును యూనిట్లుగా కోసి కాంట్రాక్టర్లకు పంచారు. చీపురు మాత్రం మన అక్కల చేతిలోనే ఉంది. దాన్ని ఎవరూ ప్రైవేటు చెయ్యలేదు! గ్రీసు ఓటు జరిగిన అదే 2015 జూలైలో మన మునిసిపల్ కార్మికులు సమ్మె చేశారు. అప్పటికి నగరంలో ఊడ్చేవాళ్ళ జీతం నెలకు 8,500. సమ్మె చేస్తేనే 12,500 అయింది. ఏథెన్స్ ఆడవాళ్ళ ఎర్ర తొడుగుల గురించి ప్రపంచమంతా రాసింది. మనవాళ్ళకైతే ఆ తొడుగులు ఇవ్వడానికే చేతులు రావు.

అప్పు ఎగ్గొట్టమంటావా, పంతులూ అని కొందరంటారు. అప్పులు మాఫీ కానిది ఎక్కడ? రెండో యుద్ధం తర్వాత 1953లో లండన్ ఒప్పందంలో జర్మనీ అప్పు దాదాపు సగం కొట్టేశారు. సంతకం పెట్టిన దేశాల్లో గ్రీసు ఒకటి! మన దేశంలో 2014-15 నుంచి 2022-23 దాకా తొమ్మిదేళ్ళలో బ్యాంకులు 14.56 లక్షల కోట్ల మొండి బాకీలు పద్దుల్లోంచి తీసేశాయని 2023 ఆగస్టులో పార్లమెంటులో సర్కారే చెప్పింది. అందులో సగానికి పైగా, 7.4 లక్షల కోట్లు, పెద్ద పరిశ్రమలవీ సేవల కంపెనీలవీ. తీసేసినా వసూలు ఆపం అంటారు. మరి మన డ్వాక్రా అక్క ఒక్క వాయిదా తప్పితే ఇంటి ముందర కూర్చున్నట్టు ఆ కంపెనీ ఆసామి గేటు ముందర ఎవరైనా కూర్చున్నారా?

మళ్ళీ ఇప్పుడు ఖజానా ఖాళీ అన్న మాట వినపడుతున్నది. తెలంగాణ అప్పు 6,71,757 కోట్లని 2023 డిసెంబర్ 20న అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టారు. రాష్ట్రం వచ్చిన కొత్తలో అది 72,658 కోట్లు. చదివినవాడు మనవాడే, భట్టి విక్రమార్క. పత్రం పెట్టినందుకు సంతోషం. కాని అందులో ఎంత తెచ్చారో ఉంది, ఎవరింట్లో చేరిందో లేదు. కాళేశ్వరం కోసం కార్పొరేషన్ పేరు మీద వేల కోట్లు తెచ్చారు. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. ఆ అప్పులో సిమెంటు ఎవరిది, కాంట్రాక్టు ఎవరిది, కమీషన్ ఎవరిది, కులాలవారీగా లెక్క తీస్తే మాలమాదిగల వాటా తట్ట మోసిన కూలి. కాని కోత పెట్టే రోజు ముందు కనపడేది హాస్టలు పిల్లల మెస్ బిల్లు, స్కాలర్‌షిప్పు, ఎస్సీ కార్పొరేషన్ లోను. ఏ పార్టీ సర్కారైనా ఈ వరస మారలేదు.

లెక్క అడగడం నేరం కాదు. ఈక్వడార్ అనే చిన్న దేశం 2007లో అప్పు పత్రాలన్నీ తవ్వించి, దొంగ లెక్కలని తేలిన బాండ్లకు కట్టం అన్నది. చివరికి రూపాయికి ముప్పై అయిదు పైసల లెక్కన తీర్చుకుంది. గ్రీసు పార్లమెంటు 2015లో వేసిన కమిటీ కూడా ఆ అప్పు న్యాయమైంది కాదనే తేల్చింది. సిప్రాస్ ఆ కాగితం పక్కన పెట్టి పోయాడు గనక పనికి రాలేదు.

మనకు ఒక చట్టం చేతిలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం. ఖర్చు కాని సొమ్ము వచ్చే ఏటికి కలపాలని అందులోనే ఉంది. సంఘం పెట్టుకున్న ప్రతి ఊరి కార్యకర్తలు ఈ నెలలో చెయ్యాల్సింది ఇది: సమాచార హక్కు చట్టం కింద మండలంలో, జిల్లాలో దరఖాస్తు పెట్టండి. మన మండలానికి ఆ నిధి కింద ఏ ఏడు ఎంత రాసారు, ఎంత విడుదలైంది, ఎంత మిగిలింది, మిగిలింది తర్వాతి ఏడు కలిపారా, మన పేరు మీద వేసిన రోడ్డు ఎవరి వాడలో ఉంది, ఈ అయిదు ప్రశ్నలు చాలు. పంచాయతీలో రుసుం లేదు, మండల ఆఫీసులో అయిదు రూపాయలు, ఆపైన పది. తెల్లకార్డు ఉన్నోళ్ళకు అదీ లేదు, కార్డు జిరాక్సు జత చెయ్యండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు. వచ్చిన కాగితాలు గ్రామసభలో చదివి, ఒక నకలు మనకు పంపండి.